నైలునదికి రెండు కథలు

ఆనకట్ట ప్రారంభోత్సవం ఫొటో ఎలా ఉంటుందో మీరందరూ చూసే ఉంటారు. మధ్యలో ప్రధానమంత్రిగారో, అధ్యక్షులవారో ఉంటారు. మెడలో దండ, చేతికింద ఒక మీట. పక్కన పొరుగుదేశాల పెద్దలు. వాళ్ళ వెనక టోపీలు పెట్టుకున్న ఇంజనీర్లు. ఇంకా వెనక, ఎక్కడో చీమల బారులా పనివాళ్ళు. అంతే. ఆ ఇంజనీరుగారి భార్య ఆ పూట ఇంట్లో ఒక్కర్తీ కూచుని ఏమనుకుంటోందో, మునగబోయే ఊళ్ళో ఆఖరిసారి పొయ్యి ఆర్పిన ఇల్లాలు ఎవరో ఆ ఫొటోలో ఉండదు. ఉండాలని ఎవరూ అనుకోరు కూడాను.

అలా అనుకున్నవాడు ఒకాయన ఉన్నాడు. ఈజిప్టు దేశపు సినిమా దర్శకుడు. పేరు యూసఫ్ షాహీన్. అస్వాన్ మహా ఆనకట్ట మీద సినిమా తీసిపెట్టమని రెండు దేశాలవాళ్ళు అప్పగిస్తే, ఆయన ఫొటోలో లేనివాళ్ళ మీద తీశాడు. ఫలితం ఏమయిందంటే, ఆ కథే ఆయన రెండోసారి తీయవలసి వచ్చింది. మొదటి సినిమా డబ్బాల్లోకి పోయింది, రెండోది తెరమీదికి వచ్చింది. అసలు ఒకే ఆనకట్టకి రెండు సినిమాలు ఎందుకు కావలసివచ్చాయో తెలియాలంటే ముందు ఆ ఆనకట్ట సంగతి కాస్త చెప్పుకోవాలి.

ఈజిప్టుకి నైలునది అంటే మన గోదావరీ కృష్ణా రెండూ కలిపినా చాలదు. మనకి నదులతోబాటు వానలైనా ఉన్నాయి. వాళ్ళకి వాన అన్నమాటే లేదు. ఎక్కడో ఇథియోపియా కొండలమీద వానలు కురిస్తే, ఆ ఎర్రనీళ్ళు ఏటేటా వేసవి ఆఖరికి వరదగా దిగివచ్చి, పొలాలమీద ఒండ్రుమట్టి పరిచి పోయేవి. వరద సరిగ్గా వస్తే గాదెలు నిండేవి. తక్కువైతే కరువు. ఎక్కువైతే ఊళ్ళే కొట్టుకుపోయేవి. ఫరోల కాలంనుంచి వాళ్ళ బ్రతుకంతా ఈ మూడు ముక్కల్లోనే ఉంది.

ఆంగ్లేయులు 1902లో అస్వాన్ దగ్గర ఒక ఆనకట్ట కట్టారు. చాలక 1912లో ఒకసారి, 1933లో మరొకసారి దాని ఎత్తు పెంచారు. అదీ చాలలేదు. ఒక ఏడు వచ్చిన నీటిని మరో ఏటికి దాచుకోగలిగేంత పెద్ద ఆనకట్ట కావాలని ఏడ్రియన్ డానినోస్ అనే ఆయన పట్టుబట్టాడు. గ్రీకు మూలాలున్న ఈజిప్టు వ్యవసాయ నిపుణుడు. 1952లో రాజు పోయి సైనికాధికారులు గద్దె ఎక్కాక ఆయన మాట వాళ్ళ చెవిని పడింది. వాళ్ళ నాయకుడు నాసర్‌కి ఆ ఆలోచన ప్రాణం అయిపోయింది.

కాని డబ్బేదీ? ఇస్తామని అమెరికా, బ్రిటన్, ప్రపంచబ్యాంకు ముందుకొచ్చాయి. 1956 జూలై 19న అమెరికా ఉన్నట్టుండి ఇవ్వనంది. పెళ్ళిపీటల మీద కూచున్నాక కట్నం మాట మార్చినట్టన్నమాట! సరిగ్గా వారం తిరిగేసరికి, జూలై 26న, అలెగ్జాండ్రియాలో నాసర్ ఒక ఉపన్యాసం ఇచ్చాడు. అందులో సూయజ్ కాలువ త్రవ్వించిన ఫ్రెంచివాడు డి లెసెప్స్ పేరు మాటిమాటికీ తెచ్చాడు. వింటున్నవాళ్ళకి ఈయనకి ఇవాళ ఈ పేరు ఎందుకింత పట్టుకుందో అర్థం కాలేదు. అది సంకేతం. రేడియోలో ఆ మాట వినబడగానే, కాచుకుని ఉన్న నాసర్ మనుషులు కాలువ కంపెనీ ఆఫీసులు స్వాధీనం చేసుకున్నారు. కాలువ మీద వచ్చే ఆదాయంతోనే ఆనకట్ట కట్టుకుంటాం పొమ్మన్నాడు నాసర్. దానిమీద బ్రిటన్, ఫ్రాన్సు, ఇజ్రాయెల్ కలిసి యుద్ధానికి దిగడం, ప్రపంచమంతా కేకలు వేస్తే వెనక్కి మళ్ళడం మీకు తెలిసిన చరిత్రే.

ఆఖరికి 1958 డిసెంబరులో సోవియట్ రష్యా అప్పిచ్చింది. 1960 జనవరి 9న పని మొదలయింది.

పనంటే మాటలా! కొలతలు చెబితే కళ్ళు తిరుగుతాయి. ఎత్తు 111 మీటర్లు. పొడవు మూడున్నర కిలోమీటర్ల పైమాటే. అడుగున వెడల్పు 980 మీటర్లు, అంటే ఒక ఒడ్డునుంచి ఒడ్డుకు కాదు సుమా, గోడ మందమే దాదాపు కిలోమీటరు! అందులో పోసిన రాయీ మట్టీ పెద్ద పిరమిడ్‌కి 17 రెట్లని లెక్కగట్టారు. రష్యానుంచి ఇంజనీర్లు, మెకానిక్కులు, యంత్రాలు నడిపేవాళ్ళు వేలలెక్కన కుటుంబాలతో దిగారు. ఈజిప్టు నాలుగుమూలలనుంచీ రైతుబిడ్డలు వేలకువేలు వచ్చి చేరారు. మంచుదేశంనుంచి వచ్చిన వాళ్ళకి అస్వాన్ ఎండ ఎలా ఉండి ఉంటుందో మన రెంటచింతలలో, రామగుండంలో కాపరం చేసినవాళ్ళు ఊహించుకోగలరు. ఒకరి భాష ఒకరికి రాదు. రాళ్ళు పేల్చేచోట “జరుగు” అన్నమాట రెండు భాషల్లోనూ తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అలా ముందు ప్రాణాలకోసం నాలుగు మాటలు, తరువాత టీ కోసం మరి నాలుగు మాటలు నేర్చుకున్నారు.

1964 మే 14న నైలునది పాత దారి మూసి, కొత్తగా తొలిచిన కాలువలోకి మళ్ళించారు. నాసర్, రష్యా ప్రధాని క్రుశ్చేవ్ పక్కపక్కన నిలబడ్డారు. ఇందాక చెప్పిన ఫొటో అదే. అందులో ఉన్న ఇద్దరికీ ఆనకట్ట పూర్తయిన పండగ చూసే యోగం లేకపోయింది. క్రుశ్చేవ్ పదవి ఆ ఏడాది అక్టోబరులోనే పోయింది. నాసర్ 1970 సెప్టెంబరులో కన్నుమూశాడు. 1971 జనవరిలో జరిగిన ప్రారంభోత్సవానికి ఈ పక్కన సాదత్, ఆ పక్కన పోద్గోర్నీ నిలబడ్డారు. ఫొటోలో చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండదు కదా!

ఇక సినిమా సంగతి. షాహీన్ 1926లో అలెగ్జాండ్రియాలో పుట్టాడు. నాన్నవైపు లెబనాను, అమ్మవైపు గ్రీసు. నాలుగు భాషలు కలగలిసిన రేవుపట్నంలో పెరిగి, అమెరికా వెళ్ళి నటన చదువుకుని వచ్చాడు. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’లో మీరు చూసిన ఒమర్ షరీఫ్‌ని మొట్టమొదట తెరకెక్కించింది ఈయనే. 1958లో ‘కైరో స్టేషన్’ అని ఒక సినిమా తీసి, అందులో పేపర్లమ్ముకునే కుంటివాడి వేషం తానే కట్టాడు. రైల్వేస్టేషన్‌లో ఎవరి కంటా పడని మనిషి ఆ కథకి నాయకుడు. అటువంటివాడిని పిలిచి ఆనకట్ట మీద సినిమా తీయమన్నారంటే, పిలిచినవాళ్ళు ఆ పాత సినిమా సరిగ్గా చూసి ఉండరనే అనుకోవాలి.

ఈజిప్టు, రష్యా కలిసి తీసే సినిమా. దానికి తగ్గట్టు 70 ఎం.ఎం. తెర. 1968 నాటికి చిత్రం సిద్ధమయింది. ‘ఒకానొకప్పుడు నైలునది’ అని చెప్పుకోవచ్చు దాని పేరుని. కథ జరిగేది నదిని మళ్ళించిన 1964 నాటి రోజుల్లో. ఇంత పెద్ద తెరమీద ఆయన చూపించింది ఎవరినయ్యా అంటే, బర్రాక్ అనే నూబియా కుర్రాణ్ణి. వాడికీ రష్యానుంచి వచ్చిన నికొలాయ్ అనే యువకుడికీ స్నేహం కుదురుతుంది. ఒకడు ఇల్లు వదిలి దూరదేశం వచ్చినవాడు. ఇంకొకడు సొంతగడ్డ మీదే ఉన్నాడుగాని, ఆ గడ్డే నీళ్ళపాలు కాబోతోంది.

ఆ సినిమాలో మన పాఠకురాళ్ళు పోల్చుకోగలిగిన మనిషి ఇంకొకరుంది. జోయా. రష్యా ఇంజనీరు భార్య. భర్తకి ఆనకట్టే లోకం. ఆమెకి మాత్రం లెనిన్‌గ్రాడ్ మీద బెంగ. ఆ చలి, ఆ వీధులు, తనవాళ్ళు. బదిలీ అయినప్పుడల్లా ఆవకాయ జాడీ గుడ్డచుట్టి, పిల్లల టి.సి.లు పట్టుకుని రైలెక్కిన ప్రతి ఇల్లాలికీ జోయా తెలుసు. “మీవారు అంత గొప్ప పని చేస్తున్నారు, మీకేం తక్కువ?” అని అడిగేవాళ్ళకి ఏం జవాబు చెప్పాలో తెలియక నవ్వి ఊరుకున్న ఆడది ప్రతి ప్రాజెక్టు కాలనీలోనూ ఉంటుంది. మన సాగర్ కాలనీల్లోనూ ఉండే ఉంటుంది. ఆ నవ్వుని 70 ఎం.ఎం. మీద చూపించవచ్చునని షాహీన్‌కి తోచింది.

అప్పగించిన పెద్దలకి అది తోచలేదు. ఈజిప్టువాళ్ళకీ నచ్చలేదు, రష్యావాళ్ళకీ నచ్చలేదు. వాళ్ళకి కావలసినది ఘనకార్యం. షాహీన్ ఇచ్చినవి మనసులు. ఇంత ఖర్చుపెట్టి కట్టిన ఆనకట్ట ముందు ఒక ఇంజనీరు భార్య బెంగపెట్టుకుని కూచోవడమేమిటి? ఒక నూబియావాడి మొహాన విచారమేమిటి? కుదరదన్నారు. చేసేదిలేక షాహీన్ మళ్ళీ మొదలుపెట్టాడు. 1972లో ‘ప్రజలూ నైలునదీ’ అన్న పేరుతో రెండో చిత్రం విడుదలయింది. అందులో ఈజిప్టు ప్రేక్షకుల ఆరాధ్యతార సువాద్ హుస్నీ వేసింది. పైవాళ్ళకి ఇబ్బంది లేకుండా కథ సర్దుకుంది. విచిత్రమేమిటంటే ఆ ఏడాది జూలైలోనే సాదత్ రష్యా సైనిక సలహాదారులను దేశంనుంచి వెళ్ళిపొమ్మన్నాడు. స్నేహాన్ని పొగడటానికి తీయించిన సినిమా బయటికొచ్చేసరికి, పొగడవలసిన స్నేహమే సడలిపోయింది!

మరి మొదటి సినిమా? అది నశించకుండా షాహీన్ ఒక ఉపాయం చేశాడు. పారిస్‌లో హెన్రీ లాంగ్లువా అని పాత సినిమాలను పోగుచేసి కాపాడే మహానుభావుడు ఒకాయన ఉండేవాడు. ఫ్రెంచి సినిమాతెక్ అనే సంస్థ ఆయన నడిపినదే. ఒక ప్రతిని ఆయన చేతిలో పెట్టాడు షాహీన్. అత్తవారింట్లో నిలవనివ్వని బిడ్డని పుట్టింట దాచినట్టు ఆ ప్రతి అక్కడ దాగింది. సుమారు మూడు దశాబ్దాల తరువాత, గడచిన శతాబ్దం చివరి ఏళ్ళలో, దాన్ని బాగుచేసి మళ్ళీ తెరమీదికి తెచ్చారు. అప్పటికి షాహీన్ ముసలివాడయ్యాడు. 2008లో పోయాడు. కాని తన బిడ్డ వెలుగులోకి రావడం చూసే పోయాడు.

ఇంతకీ బర్రాక్ మొహంలో ఉన్న విచారానికి కారణమేమిటి? అది సినిమావాళ్ళు కల్పించినది కాదు.

అస్వాన్‌కి ఎగువన, నైలు కిరువైపులా, ఈజిప్టు సూడాన్ రెండు దేశాల్లోనూ నూబియా అనే ప్రాంతం ఉంది. ఉండేది అనాలి. వేల సంవత్సరాల నాటి జాతి, వాళ్ళ సొంత భాష. 1902లో, 1912లో, 1933లో ఆనకట్ట నీరు పెరిగినప్పుడల్లా వాళ్ళ పొలాలు, ఇళ్ళు, ఖర్జూరపు తోపులు మునుగుతూ వచ్చాయి. మునిగినప్పుడల్లా కాస్త పైకి జరిగి మళ్ళీ ఇళ్ళు కట్టుకున్నారు. భూమి పోయినకొద్దీ మగవాళ్ళు కైరోకీ, అలెగ్జాండ్రియాకీ వంటవాళ్ళుగా, కాపలావాళ్ళుగా వలసపోయారు. అందుచేత ఊళ్ళన్నీ చాలామట్టుకు ఆడవాళ్ళవీ, ముసలివాళ్ళవీ, పిల్లలవీ అయ్యాయి. ఇల్లు నిలబెట్టినది ఆడవాళ్ళే. ఆ ఇళ్ళు కూడా ఎంత అందంగా ఉండేవనీ! మట్టిగోడలకి సున్నం పూసి, రంగులతో పూలూ పిట్టలూ వేసి, గుమ్మం పైన పింగాణీ పళ్ళాలు పొదిగేవారు. మనం సంక్రాంతికి గుమ్మం ముందు వేసుకునే ముగ్గు వాళ్ళకి గోడమీద ఏడాదిపొడుగునా ఉండేది.

ఈసారి పైకి జరగడానికి వీలులేని నీరు వచ్చింది. 500 కిలోమీటర్ల పొడుగు చెరువన్నమాట! 1963-64లో ఈజిప్టు నూబియానుంచి సుమారు 50,000 మందిని అస్వాన్‌కి దిగువన కోమ్ ఓంబో దగ్గరికి తరలించారు. సూడాన్ వైపు వాదీ హల్ఫా పట్టణం, చుట్టుపక్కల ఊళ్ళు కలిపి ఇంచుమించు మరో అంతమందిని రైళ్ళలో ఎక్కించి, ఎక్కడో ఇథియోపియా సరిహద్దు దగ్గరి ఖష్మ్ ఎల్ గిర్బాకి పంపించారు. బయలుదేరేముందు వాళ్ళు శ్మశానాలకి వెళ్ళి పెద్దల సమాధుల మీద నీళ్ళు చల్లి సెలవు తీసుకున్నారు. ఇళ్ళకి తాళాలు వేసుకుని, తాళపుచెవులు కూడా తీసుకుపోయిన వాళ్ళున్నారు. మునిగిపోయే ఇంటికి తాళమెందుకని అడుగుతారా? ఇల్లు వదిలి బయటికి వెళ్ళేటప్పుడు తాళం వేసుకోవడం ఇల్లాలి చేతికి అలవాటయిన పని. ఆ ఇంటికి మళ్ళీ తిరిగి రానని చెయ్యి నమ్మదు.

కోమ్ ఓంబోలో వాళ్ళకిచ్చిన ఇళ్ళు వరసగా, ఒకే మూసలో పోసినట్టు ఉన్నాయి. కుటుంబంలో మనుషులెందరో లెక్కచూసి ఇళ్ళు పంచారుగాని, ఎవరి పక్కన ఎవరుండేవారో చూడలేదు. అక్కా చెల్లెలూ, అత్తా కోడలూ వేరువేరు వీధుల పాలయ్యారు. నది కనబడదు. కొన్ని ఇళ్ళు వచ్చేనాటికి పూర్తికానేలేదు. మొదటి ఏళ్ళలో పసిపిల్లలూ, వృద్ధులూ చాలామంది పోయారు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఊరు వదిలి చూడు అని ఎందుకనలేదో! బహుశా అంతమాట నోటితో అనకూడదని ఊరుకున్నారేమో.

ఆ ఏళ్ళలోనే, ఆ నూబియాలోనే, మరో తరలింపు కూడా జరిగింది. అబూ సింబెల్ దేవాలయాలు. 3,200 ఏళ్ళ క్రితం రామ్సెస్ చక్రవర్తి తనకొకటి, రాణి నెఫర్తారికొకటి కొండనే తొలిపించిన కోవెలలు. వీటిని కాపాడమని 1960 మార్చిలో యునెస్కో ప్రపంచాన్ని వేడుకుంది. 1964 నుంచి 1968 దాకా, వెయ్యికి పైగా ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కకీ నంబరువేసి, 65 మీటర్ల పైకెత్తి మళ్ళీ అతికారు. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండేదో ఆ రాయి పక్కనే పెట్టారు! ఈ మహాయజ్ఞంలో మనవాళ్ళూ ఒక సమిధ వేశారు. 1961-62లో బి.బి.లాల్ నాయకత్వాన మన పురావస్తుశాఖ బృందం నూబియాలో అఫ్యే అనేచోట త్రవ్వకాలు జరిపింది. నూబియా సమాధుల్లో దొరికిన నలుపూ ఎరుపూ కుండలకీ, మన దక్షిణాది రాక్షసగుళ్ళలో దొరికే కుండలకీ పోలికలున్నాయని లాల్ గారు ఆశ్చర్యపోయారు కూడాను.

మనకి అప్పటికే ఆ పని కొత్త కాదు. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసేనాటికే నాగార్జునకొండ లోయలో త్రవ్వకాలు సాగుతున్నాయి. ఇక్ష్వాకులనాటి ముఖ్యమైన కట్టడాలు కొండమీదికి ఎక్కించారు. ఇవాళ మనం పడవెక్కి వెళ్ళి చూసే ద్వీపం ఆ కొండే. దాన్ని చూసివచ్చిన వాళ్ళెవరైనా, ఆ లోయలో ఉన్న ఊళ్ళవాళ్ళు ఏ కొండెక్కారని అడిగారా? నాలుగు రాళ్ళకి చేసిన మర్యాద నలుగురు మనుషులకి చేయడం అంత కష్టమా?

ఏమాటకామాటే చెప్పుకోవాలి. అస్వాన్ ఆనకట్ట దండగ అనేవాళ్ళ పక్షాన నేను లేను. 1980ల్లో ఇథియోపియా కరువుతో అల్లాడి, నైలులో నీళ్ళు సన్నగిల్లినప్పుడు, ఈజిప్టులో జనం ఆకలితో చావలేదంటే ఆ చెరువులో దాచుకున్న నీళ్ళే కారణం. ఆ 12 టర్బైన్ల కరెంటుతో ఎన్నో పల్లెటూళ్ళలో మొదటిసారి దీపం వెలిగింది. ఒండ్రుమట్టి పోయి ఎరువులు కొనుక్కోవలసి వచ్చిందన్నదీ నిజమే, వరద భయం పోయిందన్నదీ నిజమే. కాబట్టి రెండో సినిమా అబద్ధమని కాదు. అందులో ఉన్నది నిజమే. కాని సగం నిజం. ఆ రెండో సగం తెలిస్తే ఆనకట్ట కూలిపోతుందని ఎందుకు భయపడ్డారన్నదే నాకు అంతుపట్టనిది. దేశంకోసం ఇల్లు వదిలిన మనిషికి తెరమీద రెండు గంటల చోటిస్తే ఏ దేశం చిన్నబోతుంది? జోయా బెంగని చూపిస్తే ఆమె భర్త వేసిన కాంక్రీటులో బీట పడుతుందా?

మరచిపోవాలని పైవాళ్ళు అనుకున్నంత మాత్రాన మరుపు రాదు. హంజా అలాదీన్ అనే నూబియా యువకుడు కైరోలో ఇంజనీరుగా ఉండేవాడు. తన ఊరు తోష్కా మునగబోతోందని తెలిసి, ఉద్యోగం వదిలి, గాడిదనెక్కి ఊరూరా తిరిగాడు. రాబోయేది చెప్పాడు, పాటలు పోగుచేశాడు. తరువాత ఊద్ వాయిద్యం పట్టుకుని దేశదేశాలు తిరిగి, ఏతపు చక్రం పేరున ఒక గానం రికార్డు చేశాడు. మునిగిపోయిన ఊళ్ళో నీరుతోడే చక్రం కిర్రుమనే చప్పుడు అందులో వినబడుతుందంటారు.

కోమ్ ఓంబో దగ్గరి కొత్త ఊళ్ళకి నూబియావాళ్ళు కొత్తపేర్లు పెట్టుకోలేదు. తోష్కావాళ్ళు ఉన్న ఊరు తోష్కాయే, బల్లానావాళ్ళు ఉన్నది బల్లానాయే. వచ్చిన కొన్నాళ్ళకి ఆ మూసపోసిన గోడలమీద ఆడవాళ్ళు మళ్ళీ రంగులు వేయడం మొదలుపెట్టారు. గుమ్మాల పైన పింగాణీ పళ్ళాలు మళ్ళీ కనబడ్డాయి.